కొత్త బారెల్‌కి నీళ్లు పోసిన రోజులు

విజయవాడ స్టేషన్లో దిగేసరికి తెల్లవారింది. వాన అప్పుడే వెలిసింది. ప్లాట్‌ఫారం నిండా నీళ్లు, ఇడ్లీ బుట్టలు, కేకలు. మేం ఐదుగురం. కెప్టెన్, తుపాకులు బాగుచేసే ఆర్మరర్ హవల్దారు, వంటవాడు, నా జోడీ, నేను. జోడీ అంటే గురికాడి పక్కన బోర్లా పడుకుని, దూరదర్శినిలో చూస్తూ గాలి ఎటుందో చెప్పేవాడు. గురికాణ్ణి నేను.

సామానులో గుడారాలు, ఒక పొయ్యి, ఖాళీ నూనె డబ్బాలు, వైర్‌లెస్ సెట్టు, తూటాల పెట్టెలు. వీటితో పాటు గోనెలో చుట్టిన పొడవాటి చెక్కపెట్టె ఒకటి. దాన్ని కూలీలను ముట్టుకోనివ్వలేదు. నేనే భుజానికెత్తుకున్నాను. అందులో నా త్రీ నాట్ త్రీ రైఫిలు ఉంది.

సైన్యం అనగానే మీకు మంచుకొండలు, సరిహద్దు, ఫిరంగులు గుర్తొస్తాయి. అవీ చూశాను. కానీ నా సర్వీసులో గొప్ప రోజులు ఏవని అడిగితే, డెబ్బైల నడుమ ఇబ్రహీంపట్నం కొండ కింద తుపాకీ కడుక్కుంటూ గడిపిన రోజులనే చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి. మా బావ కూడా నవ్వాడు.

ట్రక్కు భవానీపురం మీదుగా పడమరకు సాగింది. ఎడమ పక్క కృష్ణ నిండుగా ఉంది. ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ స్టేషనుకి పునాదులు తవ్వుతున్నారు. లారీల వెనకాల వానకు తడిసినా తగ్గని దుమ్ము. ఆ దుమ్ము దాటాక కొండ, కొండ కింద ఫైరింగ్ రేంజి. కాల్చే చోట నిలబడితే ముందు కొండ, వీపు వెనక ఏరు.

అక్కడ యూనిట్ల మధ్య గురిపోటీ. మిగతా జట్లు పోటీకి రెండు రోజుల ముందు వస్తాయి. మేం ఎంతో ముందే వచ్చాం. కారణం నా రైఫిలే. పాత బారెల్ అరిగిపోతే వర్క్‌షాపులో కొత్తది బిగించారు. కొత్త బారెల్ కొత్త చెప్పులాంటిది. వేసుకుని నాలుగడుగులు నడిస్తే గానీ కాలికి కుదరదు. లోపలి గాడుల్లో మన కంటికి కనబడని గరుకు ఉంటుంది. గుండు దూసుకుపోయేటప్పుడు దాని పైపూత కాస్త ఆ గరుకుకి అంటుకుంటుంది. తుడవకుండా ఇంకో గుండు కాలిస్తే ఆ మురికి మీద మురికి పేరుకుంటుంది. అందుకని ఒక గుండు కాల్చాలి, కడగాలి. మళ్లీ ఒకటి, మళ్లీ కడగాలి. గరుకు నునుపయ్యేదాకా అంతే.

కెప్టెన్ మన వైపు మనిషి కాదు. ఆయన హిందీలో అన్నమాట తెలుగులో చెబుతున్నాను. "తుపాకీ కుదిరితే పోటీలో నువ్వుంటావు. కుదరకపోతే అందరం వెనక్కి. నీకు మళ్లీ స్టోర్ డ్యూటీ."

చేరినప్పటి నుంచి నాకు జట్టులో చోటు దొరకలేదు. దొరికిన మొదటిసారి మా సొంత జిల్లాలోనే దొరికింది. మాది దివిసీమ. మా నాన్న వల వేసి బతికినవాడు. భవానీపురంలో మా అక్క కాపురం. ఇంత దగ్గరికి వచ్చి తుపాకీ పేల్చకుండా వెనక్కి పోవడమంటే నాకు తల కొట్టేసినట్టే.

ఆర్మరర్ హవల్దారుది తెనాలి. మేమంతా ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన పద్ధతి ఇది. ఉదయం ఆరింటికి మొదటి గుండు. బోల్టు ఊడదీసి, వెనక వైపు గరాటు పెట్టి, బారెల్‌లో మసిలే నీళ్లు పొయ్యాలి. ఆ కాలపు తూటాల మసిలో ఉప్పు ఉండేది. అది నీళ్లకే కరుగుతుంది, నూనెకి లొంగదు. డెల్టా గాలిలో ఆ ఉప్పును పూట వదిలేస్తే తుప్పే. నీళ్ల తర్వాత కడ్డీకి చిందీ చుట్టి తోయాలి. చిందీ అంటే తుడిచే గుడ్డపీలిక. ఎప్పుడూ వెనక నుంచి ముందుకే. ఆ తర్వాత అమోనియా తడిపిన చిందీ. కళ్ల వెంట నీళ్లు కారేవి. మొదటి రోజుల్లో ఆ గుడ్డ నీలంగా వచ్చేది. గుండు పూత ఊడి వస్తోందన్నమాట. చివరికి పొడి గుడ్డ, పలచగా నూనె.

"నీలం పోయి గుడ్డ తెల్లగా వచ్చిన రోజున మనం గెలిచినట్టేరా" అనేవాడు ఉస్తాద్.

ఆదివారం మా బావ సైకిల్ మీద వచ్చాడు. ఆయనది చేపల వ్యాపారం. హ్యాండిల్‌కి క్యారేజీ, అందులో అక్క వండిన బొచ్చె పులుసు. చెట్టు నీడన కూర్చుని నేను చేసే పని చాలాసేపు చూశాడు.

"ఏరా, గవర్నమెంటోళ్లు జీతమిచ్చి నీచేత గొట్టం కడిగిస్తన్నారా?"

"కడిగితేనే బావా, గుండు సూటిగా పోయేది."

"నేను చేపనైనా రెండు నీళ్లకి వదిలేస్తా. దీనికి పూటకోసారి తలంటా? మీ అక్కతో చెబితే నమ్మదురా. మొగుణ్ణి నన్నే ఇంత బాగా చూసుకోలేదు."

జోడీ పగలబడి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. పులుసు మాత్రం వదల్లేదు.

"పోటీ రోజు వచ్చి చూడు బావా" అన్నాను.

"వస్తా. కొట్టలేకపోతే మాత్రం నా కొట్లో చేపలు కడుగుదువుగాని. చెయ్యి తిరిగింది గదా."

తర్వాతి వారానికి చిందీ తెల్లగా రావడం మొదలైంది. మూడు వందల గజాల నుంచి కాల్చిన ఐదు గుండ్లూ అరచేతి కింద దాగాయి. ఉస్తాద్ నా వీపు మీద ఒక్కటి చరిచాడు. కెప్టెన్ వంటవాణ్ణి పిలిచి పోటీనాటికి తన యూనిఫాం ఇస్త్రీ మడత నిలబడేలా ఉండాలన్నాడు. ఆయన ఉత్సాహం అలా బయటపడింది. ఆ సాయంత్రం కూడా మామూలుగానే బారెల్ కడిగి, తుడిచి, నూనె రాసి పెట్టెలో పెట్టాం.

మర్నాడు ఉదయం మొదటి గుండు అసలు టార్గెట్‌కే తగల్లేదు.

రెండోది ఎడమ అంచున తగిలింది. మూడోది పైన. జోడీ దూరదర్శిని తుడుచుకుని మళ్లీ చూశాడు. నాలుగోది ఎక్కడ పడిందో వాడికీ తెలియలేదు. ఉస్తాద్ బోల్టు తీసి బారెల్‌లోకి చూశాడు. "మసగ్గా ఉందిరా. లోపల పొరేదో కట్టింది." అమోనియా చిందీ తోశాడు. అది నీలంగా రాలేదు. మధ్యలో అతుక్కుని, బలవంతం మీద గోధుమరంగులో వచ్చింది. ఆయన సర్వీసులో అలాంటిది చూడలేదట.

కెప్టెన్ గడియారం చూసుకున్నాడు. "బారెల్ పోయింది. ఎల్లుండే పోటీ. సామాను సర్దండి. సాయంత్రానికి ట్రక్కు పంపమని వైర్‌లెస్‌లో చెబుతున్నాను."

నేను రైఫిలు పక్కనే కూలబడ్డాను. ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. అన్ని రోజులు పసిబిడ్డకు పోసినట్టు నీళ్లు పోశాను. నా చేతిలోనే ఎలా పాడైందో అర్థం కాలేదు. బావ ముఖం కళ్ల ముందు మెదిలింది.

అప్పుడు వంటగుడారం నుంచి కేక.

"నా గంజి డబ్బా ఎవరెత్తుకెళ్లారండీ? సాబ్ చొక్కాకి పెట్టాలని నిన్న వార్చి దాచుకున్నానండీ! పొయ్యి పక్కనే ఉండాలే!"

జోడీ ముఖంలో నెత్తుటిచుక్క లేదు. "పొయ్యికి ఏ పక్క?"

"కుడిపక్క."

"అవి నీళ్లు కాదా?"

"నీళ్లు ఎడంపక్కన. కుడిపక్కది గంజి. వేడివేడిగా ఉంచా, అట్టకట్టకుండా."

నిన్న సాయంత్రం ఆ డబ్బా తెచ్చిచ్చింది జోడీయే. కానీ తప్పు వాడిదొక్కడిదే అనలేం. రెండూ ఒకేలాంటి నూనె డబ్బాలు. వరద రోజులు కావడంతో ఏటి నీళ్లు పటిక వేసి తేర్చినా బియ్యం కడిగిన నీళ్లలాగే ఉండేవి. మసక వెలుతురులో గరాటులోకి పోసింది నేనే. నేనూ గుర్తుపట్టలేదు. కెప్టెన్ చొక్కాకి పెట్టాల్సిన గంజి నా బారెల్ తాగింది. పొద్దున్నే దాని మీద గుండ్లు కాల్చి ఇంకా మాడ్చాం.

ఉస్తాద్ చిందీని గోటితో మీటాడు. గట్టిగా టకటకమంది. కెప్టెన్ ముందుకొచ్చి దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు. తర్వాత తన కాలర్ తడిమి చూసుకున్నాడు. ఆయన ఒక్కసారిగా నవ్వాడు. ఆయన నవ్వగా చూడడం అదే మొదలు.

వైర్‌లెస్ అందుకున్నాడు. "ట్రక్కు వద్దు. మళ్లీ చెబుతున్నాను, ట్రక్కు వద్దు. ఓవర్."

"కారణం చెప్పండి. ఓవర్."

కెప్టెన్ చేతిలోని చిందీ వైపు చూశాడు. "గంజి. ఓవర్."

అవతల సెట్టు గరగరమంది. "మళ్లీ చెప్పండి. ఓవర్."

ఆ మధ్యాహ్నమంతా నీళ్లు మసిలించాం. ఈసారి ప్రతి డబ్బాలోనూ ఉస్తాద్ వేలు ముంచి నాకి చూశాకే పోయనిచ్చాడు. పోశాం, బ్రష్షుతో తోమాం, మళ్లీ పోశాం. ముందు గోధుమరంగు, తర్వాత పాలరంగు, తర్వాత ఉత్త నీళ్లు వచ్చాయి. అమోనియా, పొడిగుడ్డ, నూనె. చీకటి పడేలోగా మూడు గుండ్లు కాల్చి చూశాను. మూడూ ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చున్నాయి. ఉస్తాద్ ఈసారి వీపు మీద చరచలేదు. నా తల దగ్గరికి లాక్కుని నుదురు ముద్దు పెట్టుకున్నాడు.

పోటీ రోజు ఎండ కాసింది. ఆరు వందల గజాలు. ఏళ్ల తరబడి కప్పు వదలని జట్టొకటి మాకంటే ముందు కాల్చి, మంచి లెక్కతో లేచింది. గట్టు మీద ఊళ్లోవాళ్లు చేరారు. వాళ్లలో తెల్ల పంచెతో మా బావ. మా కెప్టెన్ చొక్కా మాత్రం మెత్తగా వేలాడుతోంది. అంత గొడవ జరిగాక మళ్లీ గంజి పెట్టడానికి వంటవాడికి ధైర్యం చాల్లేదు.

పడుకున్నాను. జోడీ గొంతు చెవి పక్కనే ఉంది.

"ఏటి గాలి. వెనక ఎడం నుంచి. గురి కొంచెం ఎడమకి పట్టు... కొట్టు."

నడిమి చుక్కకి తగిలితే బుల్ అంటారు. కొండ కింద గోతిలో కూర్చుని గుర్తులు చూసేవాడు ఫోన్లో చెప్పాడు. "బుల్."

మళ్లీ బుల్. మళ్లీ బుల్. ఒకటి మాత్రం కాస్త బయటికి జారింది. ఇంకొక్కటి తప్పితే కప్పు పోయినట్టే. ఆఖరి గుండుకి వేలు బిగించేసరికి థర్మల్ స్టేషను లారీల దుమ్ము అడ్డంగా వచ్చేసింది. టార్గెట్ మాయమైంది.

"ఆగు" అన్నాడు జోడీ. "తొందరపడకు. మనం ఇంతకంటే పెద్దవే కడుక్కున్నాం."

నవ్వొచ్చింది. ఆ నవ్వుతో భుజం వదులైంది. దుమ్ము విడిపోయింది.

"ఇప్పుడు."

పేల్చాను. ఫోన్ వెంటనే మోగలేదు. మోగాక వినిపించింది. "బుల్. నట్టనడుమ. కప్పు తీసుకుపొండి."

జోడీ నా మీద పడ్డాడు. వంటవాడు గరిటెతో సహా పరిగెత్తుకొచ్చాడు. గట్టు మీద ఎవరో ఈల వేశారు. నేను అరిచానో ఏడ్చానో నాకే తెలియదు. మా జిల్లా మట్టి మీద, మా ఏటి గాలిలో గెలిచాను. ఆ సంతోషానికి సాటొచ్చేది మళ్లీ ఎరగను.

జనం సర్దుకున్నాక, ఎప్పటిలాగే బారెల్ కడగడానికి కూర్చున్నాను. బావ వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను. నీళ్లు పోయడం, తుడవడం, అన్నీ దగ్గరికి వంగి చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు.

"ఏదీ, ఒకసారి నేనూ తుడుస్తాన్రా."

కెప్టెన్ వైపు చూశాను. ఆయన తల ఊపాడు. బావ చేతులు పంచెకి తుడుచుకుని కడ్డీ పట్టుకున్నాడు. వెనక నుంచి ముందుకు, నెమ్మదిగా, నేను చేసినట్టే తోశాడు. గుడ్డ తెల్లగా వచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"మీ అక్కకి చూపిస్తా. లేకపోతే నమ్మదు."

మర్నాడు రైలు కృష్ణ వంతెన దాటేటప్పుడు కప్పు కెప్టెన్ ఒళ్లో ఉంది, చెక్కపెట్టె నా ఒళ్లో ఉంది. యూనిట్‌కి చేరాక రైఫిలు స్టోర్‌లో అప్పజెప్పాను. తర్వాత అది ఎవరి చేతికి వెళ్లిందో తెలియదు. కప్పు ఎలా ఉండేదో కూడా సరిగా గుర్తులేదు. గుర్తున్నది ఒక్కటే. పోటీ అయ్యాక ఆ పూట, బోల్టు తీసిన రైఫిలుని ఏటి వైపు తిప్పి, వెనక నుంచి కన్ను ఆనించి చూస్తున్న మా బావ. మెరిసే ఆ గొట్టంలోంచి వచ్చిన కందిగింజంత వెలుగు ఆయన కంటి మీద నిలిచింది. ఆయన ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నాడు.

"ఒరేయ్ బావమరిదీ, ఇందులో కృష్ణంతా కనబడుతోందిరా."