అత్తమ్మ ఎంచిన చేపలు

మా అత్తమ్మ పోయిన సంగతి ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలిసింది. పొద్దున్నే చాయ్ తీసుకెళ్ళి లేపితే లేవలేదు. నిద్రలోనే వెళ్ళిపోయింది. ఏదో చెప్పబోయి, తర్వాత చెప్దాంలే అని ఆగినట్టుంది ముఖం. బయట పసుపు సంచుల ట్రాక్టర్లు మార్కెట్ దిక్కు పోతున్నాయి. ఆ చప్పుడులో నా కేక మా ఆయనకు వినబడనే లేదు.

చూడవచ్చిన వాళ్ళంతా ఆమె చేపల పులుసునే తలుచుకున్నారు. ఆమె పుట్టిల్లు ప్రాజెక్టు నీళ్ళ పక్కనున్న మెండోర, పులుసుకు పేరు రావడంలో వింత లేదు. నాకు మాత్రం ఆమె వండని చేపలు గుర్తొస్తున్నాయి.

నేను ఈ ఇంటికి వచ్చేనాటికి సహస్రకు తొమ్మిదేళ్ళు. మా ఆయన మొదటి భార్య కూతురు. తల్లి జ్వరంతో పోయింది. ఆ పిల్ల నన్ను ఒక్క మాటా అనేది కాదు, అసలు మాట్లాడేదే కాదు. జడ వేద్దామని దువ్వెన అందుకుంటే, నా చేతిలోంచి మెల్లగా తీసుకుని వాళ్ళ బాపమ్మ దగ్గరికి, అంటే మా అత్తమ్మ దగ్గరికి పోయేది.

వంటింట్లో నా కళ్ళు తడవడం అత్తమ్మ ఒకసారి చూసింది. "జర ఆగు బిడ్డా. పిల్లకు నీ మీద కోపం లేదు. నిన్ను ఏమని పిలవాల్నో దానికి తెలుస్తలేదు, గంతే" అంది.

ఆ వానాకాలం మా ఆయన స్నేహితుడు బదిలీ మీద పోతూ ఒక చిన్న గాజు తొట్టి, ఫిల్టర్ మాకిచ్చి పోయాడు. అత్తమ్మ దాన్ని ముందు గదిలో పెట్టించి, బోరు నీళ్ళు నింపించి, చేపల్లేకుండానే చాలా రోజులు ఫిల్టర్ నడిపింది. నీళ్ళు కుదురుకోవాలని దుకాణపాయన చెప్పాడట. ఆ తర్వాత నన్నూ సహస్రనూ పిలిచింది. "మీరే పోయి చాపలు తేండ్రి. నాకు మోకాళ్ళు నొస్తున్నయి." మోకాళ్ళ నొప్పి నిజమే. కానీ ఆ సాయంత్రమే కూరగాయలకు అంగడిదాకా నడిచిపోయి వచ్చింది.

దుకాణంలో నేను గప్పీలు చూశాను. చిన్నవి, విసనకర్రల్లాంటి తోకలు. సహస్ర ఒక నీలం ఫైటర్ చేప ముందు నిలబడిపోయింది. "ఈ రెండు రకాలు కలిపి పెట్టొద్దమ్మా. పెద్ద తోక కనబడితే ఇంకో ఫైటర్ అనుకుని మీదికి పోతది" అన్నాడు దుకాణపాయన. నేను పిల్ల వైపు చూశాను. ఆమె నేలచూపులు చూస్తూ, "నాకు గిదే కావాలె" అంది. నాతో అన్న మొదటి మాట అది. గప్పీలతో పాటు దాన్నీ కొన్నాను.

వారం తిరగకముందే గప్పీల తోకలు పీలికలయ్యాయి. ఒకటి చచ్చి తేలింది. బడి నుంచి వచ్చి అది చూసిన సహస్ర వాళ్ళ బాపమ్మ దగ్గరికి ఉరికింది. "బాపమ్మా, ఫైటర్‌ను మోరీల పారేద్దాం. అది చెడ్డది."

అత్తమ్మ తొట్టి ముందు కూర్చుంది. "చెడ్డది గాదు బిడ్డా. దానికి ఒక్కదానికే ఉండుడు అలవాటు. దాని జాగ దానికి ఇయ్యాలె. మీరిద్దరు దాన్ని తీయుండ్రి" అని, ఎప్పుడు తెప్పించిందో ఇంకో చిన్న తొట్టి చూపించి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వల వేస్తే ఫైటర్ దొరకదు. ఇద్దరం మోచేతుల దాకా నీళ్ళలో చేతులు పెట్టాం. ఉన్నట్టుండి సహస్ర, "చిన్నమ్మా, నువ్వు గటు దిక్కు నుంచి రా, నేను గిటు ఆపుత" అంది. నా చేయి నీళ్ళలోనే ఆగిపోయింది. "చిన్నమ్మా, పోతున్నది, పట్టు" అని మళ్ళీ అంది.

ఆ రాత్రి అన్నం తింటూ అడిగాను, "అత్తమ్మా, జాగ ఇయ్యాలె అన్నది నాకు చెప్పినవా?" అని. ఆమె నవ్వింది. "చాపల గురించి చెప్తే చాపల గురించే. నీకు చెప్పాలనుకుంటే నీకే చెప్త గద."

ఆ తర్వాత చేపలు ఎంచడం మా ముగ్గురి పని అయింది. సహస్ర మెరిసే నియాన్ చేపలు అడిగితే, మన బోరు నీళ్ళు వాటికి పడవని అత్తమ్మ ఒప్పుకోలేదు. "గిన్నెలకు తెల్లగ పేరుకునే నీళ్ళు మనయి. గీ నీళ్ళల్ల ఏవి సుఖంగుంటయో గవే తెద్దాం." అలా గప్పీల తోడుకు ప్లాటీలు వచ్చాయి. గోల్డ్ ఫిష్ పెద్దదవుతుంది, ఈ తొట్టి దానికి చాలదంది. మగ గప్పీలు ఎక్కువై ఆడదాన్ని తిననివ్వకుండా వెంటపడుతుంటే, కొన్నింటిని వేల్పూర్‌లో చుట్టాలింటికి పంపేసింది. "ఇంక రెండు పడతయి అనిపించినప్పుడే ఆగాలె" అనేది.

ఆదివారం చేపల పులుసు పెట్టే ముందు తొట్టి మీద తువ్వాల కప్పేది. "ఎందుకత్తమ్మా?" అంటే, "ఏమనుకుంటయో" అనేది, నవ్వకుండా. తాను చాయ్ తాగాకే వాటికి మేత. చిటికెడు చల్లి, అన్నీ తిన్నాయో లేదో కళ్ళద్దాలు సర్దుకుని చూసేది. ఫైటర్ ముసలిదై చనిపోయిన రోజు సహస్ర నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. అత్తమ్మ గుమ్మం దాకా వచ్చి, మమ్మల్ని చూసి, చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగింది.

ఆ పిల్లే ఇప్పుడు నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. దినాలు అయిపోయి చుట్టాలు వెళ్ళాక, అత్తమ్మ ఈమధ్య పొద్దున మేత వేసేటప్పుడు కట్టుకునే ఆకుపచ్చ చీరను దండెం మీంచి తీసుకుని ముందు గదిలోకి వచ్చింది. చీర కనబడగానే తొట్టిలోని చేపలన్నీ అద్దం దగ్గరికి ఉరికి వచ్చాయి. సహస్ర ఒక అడుగు పక్కకు వేసింది. చిన్న చిన్న నోళ్ళు తెరుస్తూ, మూస్తూ, అవన్నీ ఆ చీర వెంటే కదిలాయి.