నాలుగో మూల

అంతోనమ్మ సూదుల్లోకి దారం ఎక్కిస్తోంది. ఆరు సూదులకు ఎర్రది, ఆరింటికి ఆకుపచ్చది, ఆరింటికి పసుపుది. ఎక్కించిన సూదిని ఎక్కించినట్టే ఒక గుడ్డముక్కకు, రంగుకో వరసగా గుచ్చుతోంది.

పక్కన మడతపెట్టిన బొంత ఉంది. మూడు మూలలకు అద్దాలున్నాయి. నాలుగోది రెండేళ్లుగా బోసిగానే ఉంది. ఏన్కూరులో ఆమె బొంతలు కుడితే, మూలలకు అద్దాలు కుట్టేది తండా నుంచి వచ్చే మంగ్లి. పదిహేనేళ్లు ఒకే వాకిట్లో, ఒకే బొంతకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. ఒకరోజు మంగ్లి రాలేదు. ఆ తర్వాత ఇక రానేలేదు.

పట్నం దుకాణాలవాళ్లు ఆమెతో సంచులు కుట్టించుకుంటున్నారని, అందుకే పొగరెక్కిందని కూతురు మహిమ అంది. చర్చిలో ఆడవాళ్లూ అదే అన్నారు. నలుగురి నోట విన్నాక అంతోనమ్మకు అది తన సొంత ఆలోచనలాగే అనిపించింది. అయినా ఆ బొంతను మరో చేతికి ఇవ్వలేదు. వాకిట్లో చాప వేసినప్పుడల్లా ఎదురువైపు జాగా వదిలేది.

ముందురోజు అంగడిలో ఒకామె భుజాన మంగ్లి కుట్టిన సంచి కనిపించింది. అడిగి తీసుకుని తిరగేసింది. కుట్టు ఎప్పటిలాగే బిగువుగా ఉంది. కానీ అద్దం అద్దానికి రంగు మార్చే మంగ్లి, సంచంతా ఎర్రదారంతోనే కుట్టింది. లోపలివైపు జానెడుకో ముడి. దారం అయిపోవచ్చినప్పుడల్లా సూదిలో మిగిలిన కొసకే కొత్తదారం ముడేసి లాగింది. సూది బెజ్జం కనబడని మనిషి చేసే పని అది.

సూదుల గుడ్డ, బొంత చంకన పెట్టుకుని అంతోనమ్మ తండాకు నడిచింది. ఇంట్లోవాళ్లంతా మిరపకాయ ఏరడానికి పోయారు. మంగ్లి ఒక్కతే గడపలో కూర్చుని ఉంది. కళ్లకు పొరలు కమ్మాయి. గొంతు విన్నాకే గుర్తుపట్టింది.

“ఇయ్యాల తోవ తప్పినవా వదినె?”

“కండ్లు గిట్లయినయని ఒక్క మాట చెప్పకపోతివి,” అంది అంతోనమ్మ.

“నువ్వు అడగకపోతివి. నాకన్న మంచి చెయ్యి దొరికిందేమో అనుకున్న.”

అంతోనమ్మ బొంత పరిచి, నాలుగో మూలను మంగ్లి ఒళ్లో పెట్టింది. ఆమె వేలు పట్టుకుని, గుడ్డ మీద ఏ వరస సూదులకు ఏ రంగు దారముందో తడిమించి చెప్పింది. తనూ ఎదురువైపు కూర్చుంది.

మంగ్లి తన డబ్బాలోంచి ఒక అద్దం తీసి, దాని అంచును బొటనవేలితో ఒకసారి చుట్టూ తడిమింది. ఆ తర్వాత చెయ్యి ఎక్కడా ఆగలేదు.

పొద్దు వాలేసరికి చివరి దారాన్ని పళ్లతో కొరికింది. కుట్టిన మూల పైకి వచ్చేలా బొంతను మడిచి, అంతోనమ్మ చేతుల్లో పెట్టింది.