ఓబులేసన్న టెస్ట్ డ్రైవ్

పన్నెండేళ్ళ నా చిన్న కారు మార్చాలా వద్దా అన్నది తేలక, ఈ రోజు డ్యూటీ అయ్యాక షువైఖ్‌లో ఒక షోరూమ్‌కి వెళ్ళాను. మేమిద్దరం పనిచేసే సబ్హాన్ గోడౌన్ నుంచి మేముండే ఫర్వానియా దాకా రోజూ నా కారు వెనక సీట్లో వచ్చే ఓబులేసన్న కూడా తోడొచ్చాడు.

టెస్ట్ డ్రైవ్‌లో నా పక్కన కూర్చున్న సేల్స్‌మన్ స్క్రీన్ గురించీ కెమెరాల గురించీ చెబుతూనే ఉన్నాడు. అద్దంలో చూస్తే వెనక ఓబులేసన్న చేతులు కట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"ఏమైందన్నా, ఒంట్లో బాలేదా?"

"అట్లేం లేదబ్బా. ఈ బండ్లో నిద్ర వచ్చాదో రాదో చూచ్చాండా."

రాలేదట. "బండి మాత్రం బాగుండాది," అన్నాడు దిగుతూ.

తిరిగి వస్తుంటే మా పాత కారు ఏసీ ఎప్పటిలాగే గరగరమంది. రెండో సిగ్నల్ దాటకముందే వెనకనుంచి గురక మొదలైంది.

అసలు ఆ సీట్లో ఏముందో చూద్దామని, ఆయన దిగిపోయాక నేనూ వెనక్కెళ్ళి కూర్చున్నాను. కొన్నప్పటి నుంచీ నా కారులో నేను అక్కడ కూర్చున్నది ఇదే మొదటిసారి. ఊరికే కళ్ళు మూసుకున్నానంతే, మా బిల్డింగ్ వాచ్‌మన్ అద్దం తట్టి లేపాడు.

కారు కొనేముందు మీరెవరైనా వెనక సీట్లో పడుకుని చూశారా?