సితారా అని అడిగిన రోజు

నా చిన్నప్పుడు మా బళ్లో ఎనిమిదో తరగతికి రాగానే ప్రతి పిల్లా ఏదో ఒక కళను ఎంచుకుని తీరాలి. మొన్న ఛత్రినాక నుంచి మా మనవరాలు ఫోన్ చేసి, వాళ్ల స్కూల్లో పెయింటింగ్ తీసుకోవాలో డాన్స్ తీసుకోవాలో తేలక అన్నం సయించడం లేదని చెబితే ఇదంతా గుర్తొచ్చింది. గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను. ఆ పిల్లకు కోపమొచ్చింది. "నా బాధ నాకుంటే నీకు నవ్వులాటగున్నదా అమ్మమ్మా" అని ఫోన్ పెట్టేసింది. పెట్టేస్తే పెట్టేసింది, సాయంత్రానికి మళ్లీ చేస్తుందని నాకు తెలుసు. నేను నవ్వింది నన్ను చూసుకుని. నేను నా కళను ఎంచుకున్నట్టు లోకంలో ఇంకెవరూ ఎంచుకుని ఉండరు.

అప్పుడు మేము మొఘల్‌పురాలో ఉండేవాళ్లం. మా బాపుకు ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి దుకాణం. సాయంత్రం ఆయన గల్లీ మలుపు తిరిగేసరికే మాకు తుమ్ములు మొదలయ్యేవి. మా గోడను ఆనుకుని ఉన్న ఇల్లు ఖాలాది. ఖాలా అంటే పిన్ని. ఆమె నాకు పిన్ని కాదు, గల్లీలో ఎవరికీ పిన్ని కాదు, అయినా అందరికీ ఖాలాయే. ఇప్పుడు అందరూ మగ్గం వర్క్ అంటున్నారే, ఆ పని చేసేది. గది మధ్యలో మంచమంత చెక్క చట్రం, దాని మీద బిగించి కట్టిన చీర, చుట్టూ నేల మీద కూర్చుని ఖాలా, ఆమె ఇద్దరు కూతుళ్లు. చీర మీద జరీ పువ్వులు కుట్టి, వాటి మధ్య చిన్న చిన్న తళుకు బిళ్లలు అద్దేవాళ్లు. ఆ బిళ్లలను వాళ్లు సితారా అనేవాళ్లు. ఉర్దూలో నక్షత్రమని అర్థం.

బడి నుంచి రాగానే పుస్తకాల సంచి మా ఇంట్లో గిరాటేసి, నేను ఖాలా ఇంట్లో వాలిపోయేదాన్ని. ఆ గుమ్మం పక్కన గోడకు వీపు ఆనించి కూర్చుంటే నాకు ఆకలి దప్పులు తెలిసేవి కావు. మా అమ్మ గోడ మీది నుంచి పిలిచీ పిలిచీ, "గా ఇంట్ల ఏమున్నదే నీకు, తీపి పెట్టిన్రా" అని తిట్టేది. ఏమున్నదో నాకు తెలుసనే అనుకున్నాను. పెద్దయ్యాక నేనూ సితారా కుడతానని గల్లీ అంతా చాటింపు వేశాను కూడా.

ఇక ఎనిమిదో తరగతి. మా క్లాసు టీచరు గుంటూరు వైపు మనిషి, మా ఊరికి కొత్త. ఆ రోజు బెంచీల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి దగ్గరా ఆగి అడుగుతున్నారు. "ఏమ్మా, డ్రాయింగా? కుట్లా? సితారా?"

నా గుండె ఆగినంత పనైంది. బళ్లో సితారా నేర్పిస్తారా! కుట్లంటే ఏముంది, రుమాలు అంచు మడిచి కుట్టడం, గుండీలు కుట్టడం. అది వేరే, సితారా వేరే, అందుకే విడిగా అడుగుతున్నారని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. పాపం, ఆ టీచరు తప్పేమీ లేదు. డ్రాయింగా అన్నట్టే, కుట్లా అన్నట్టే, సితార్ కావాలా అని చక్కటి తెలుగులో అడిగారు. నా చెవులే ఖాలా ఇంట్లో పెరిగిన చెవులు. నా వంతు రాకముందే లేచి నిలబడి, "నాకు సితారా టీచర్, సితారానే" అని అరిచాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. అప్పటిదాకా దాన్ని అడిగినవాళ్లు తక్కువ. "అంత ఇష్టమా అమ్మా" అన్నారు. "మస్తు ఇష్టం" అన్నాను.

ఇంటికెళ్లి చెబితే మా అమ్మ కూడా సంబరపడింది. ఇక నీ పెళ్లి చీర నువ్వే కుట్టుకుంటవ్ అంది. ఖాలా అయితే నా నెత్తి మీద చేతులు తిప్పి మెటికలు విరిచింది. ముగ్గురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఎలా వస్తుంది, మా గల్లీలో ఆ మాటకు ఇంకో అర్థమే లేదు.

మొదటి క్లాసుకు వెళ్తే గదిలో చట్రం లేదు. చాప పరిచి ఉంది. సంగీతం టీచరు ముందుగా మా అందరి వేళ్లకూ ఇనుప తీగతో చేసిన ఉంగరం లాంటిది తొడిగారు. కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే తొడుగు కాబోలనుకుని నేను ఇంకా మురిసిపోయాను. తర్వాత ఆవిడ మూలకు వెళ్లి ఒక పాత దుప్పటి తీశారు. దాని కింద గుమ్మడికాయకు పొడుగాటి మెడ అతికించినట్టున్న వస్తువు కనిపించింది. టీచరు దాన్ని ఒళ్లోకి తీసుకుని, తీగను మీటి, "దా" అన్నారు.

దా అంటే మా ఇంట్లో రమ్మని. లేచి వెళ్లాను.

ఆవిడ ఒక క్షణం నన్ను చూసి, తీగను రెండో వైపు నుంచి మీటి, "రా" అన్నారు. ఇంకా దగ్గరికి రమ్మంటున్నారని ఆవిడ మోకాలికి తగిలేంత దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. చాప మీది పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. దా, రా అనేవి సితార్ మీటే పద్ధతులకు పేర్లని ఆ తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం భూమి నిలువునా చీలితే బాగుండుననిపించింది. ఇంటికి ఏడుస్తూనే నడిచాను.

మా అమ్మ లబలబలాడింది. సితార్ ఏంది, మనింట్ల ఎవరన్న వాయించిన్రా అంది. బతుకమ్మ సెలవుల దాకా మార్చుకోవచ్చని బళ్లో చెప్పారు. అది దాటితే పదో తరగతి అయ్యేదాకా అదే. మార్చాలంటే తండ్రి వచ్చి చెప్పాలి. మా బాపు దసరా బేరం విడిచి పగటిపూట దుకాణం దిగే మనిషి కాదు. అయినా నా ముఖం చూసి, సెలవులిచ్చే రోజు పొద్దున్నే వస్తనన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను రోజులు లెక్కపెట్టాను.

ఖాలా మాత్రం సంగతి విని ఏడ్చినంత పని చేసింది, నవ్వలేక. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఫికర్ నక్కో బేటీ, దిగులు పడకు, సితారా నేను నేర్పిస్త, రేపటిసంది రా" అంది. అంతకంటే ఏం కావాలి! చట్రం దగ్గర ఒక మూల నాకు పాత గుడ్డముక్క బిగించి ఇచ్చింది. కొక్కెం సూదితో దారాన్ని కింది నుంచి పైకి లాగాలి, లాగుతూనే సితారాను అందులోకి ఎక్కించాలి. నేను ఎక్కించిన సితారాలు వంకరగా కూర్చునేవి, ఇంకో కుట్టు వేసేలోగా రాలిపోయేవి. రోజూ చాప కింద వెతికి ఏరడమే నా పని. వేళ్లు గుచ్చుకుని చేతులు మండేవి. అయినా నా పట్టు నాది. ఖాలా ఒక్క మాట కూడా అనలేదు. అప్పుడప్పుడు సూది ఆపి నా వంక చూసేది, అంతే.

సెలవులిచ్చే రోజుకు ముందు సాయంత్రం వెళ్లేసరికి ఆమె నన్ను చట్రం దగ్గరికి రానివ్వలేదు. గుమ్మం పక్కన నా పాత చోటులోనే కూర్చోమంది. తన దుపట్టా తీసి నా కళ్లకు గట్టిగా కట్టింది. ఏదో ఆట అనుకున్నాను.

"ఇప్పుడు చెప్పు బేటీ, మా చీర ఏం రంగున్నది?" అని అడిగింది.

వానాకాలం మొదలైనప్పటి నుంచి ఆ గదిలో ఉన్నది ఆ చీర ఒక్కటే. రోజూ దాని ముందే కూర్చున్నాను. ఎంత తన్నుకున్నా రంగు గుర్తుకు రాలేదు. "ఎర్రది" అన్నాను ఏదో ఒకటి. ఖాలా కూతుళ్లు, మా అక్కలిద్దరూ కిసుక్కున నవ్వారు. పువ్వులేమిటని అడిగింది, గులాబీలన్నాను. అవి మామిడి పిందెలట. చీర ఆకుపచ్చదట. సిగ్గేసి దుపట్టా లాగేయబోయాను. ఖాలా నా చెయ్యి పట్టుకుని, ఇంకొద్దిసేపు కూర్చోమంది.

బిగువు గుడ్డలో సూది దిగే చప్పుడు మొదలైంది.

"ఎవరిది?" అంది ఖాలా.

"పెద్దక్కది."

"ఇప్పుడు?"

"చిన్నక్క. గామె సూది రెండుసార్లు దిగి ఆగుతది, మల్ల దిగుతది."

"ఇప్పుడు?"

"నువ్వే ఖాలా. కానీ నీ దిక్కు గుడ్డ వదులైంది. డొల్లగ మోగుతున్నది."

చప్పుడు ఆగిపోయింది. ఖాలా అరచేత్తో చీర మీద అక్కడక్కడా తట్టింది. ఒక మూల నిజంగానే తాడు జారి ఉంది. ఆమె తాడు బిగించి మళ్లీ తట్టింది, ఈసారి గుడ్డ డప్పులా పలికింది. అప్పుడు వచ్చి నా కళ్లగంత విప్పి, నా ఎదుట గొంతుక్కూర్చుంది.

"ఇన్ని దినాలసంది నువ్వు మా ఇంట్ల వింటున్నవ్ బేటీ. నేను చూస్తున్నవనుకున్న."

అంతే అంది. సితార్ నేర్చుకోమని గానీ, కుట్లు వద్దని గానీ చెప్పలేదు. లేచి పోయి తన పనిలో కూర్చుంది. నాకు మొదట కోపమొచ్చింది, నన్ను తన చట్రం నుంచి తరిమేసిందని. గోడకు ఆనుకుని కాసేపు మూతి ముడుచుకున్నాను. అలా కూర్చుని ఉండగానే మూడు సూదులూ మళ్లీ మొదలయ్యాయి, ఒకదాని వెంట ఒకటి, మధ్యలో చిన్నక్క సూది ఆగడం, పెద్దక్క గాజులు కదలడం. నా ప్రాణం కుదుటపడింది. ఇదే కదా నేను రోజూ పరుగెత్తుకొచ్చేది అనిపించింది. సంగీతం టీచరు తీగ మీటిన రోజు సిగ్గులో పడి నేను అసలు వినలేదు గానీ, ఆ శబ్దం చెవిలో ఎక్కడో మిగిలే ఉంది. ఆ సాయంత్రం అది బయటికి వచ్చింది.

పొద్దున మా బాపు పండక్కి వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని సిద్ధంగా నిలబడ్డాడు. రావద్దు బాపూ, నాకు సితారే ఉండనీ అన్నాను. ఆయన నన్నూ చూశాడు, తన చొక్కానూ చూసుకున్నాడు. "మరి నేనెందుకు గింత తయారైన?" అన్నాడు. ఇంట్లో లొల్లి చెయ్యకుంటే ఏదన్న నేర్చుకో బిడ్డా అని, ఆ తెల్ల చొక్కాతోనే మిర్చి దుకాణానికి పోయాడు. సాయంత్రానికి అది ఎర్ర చొక్కా అయి వచ్చింది. మా అమ్మ మాత్రం వదల్లేదు. రేపు పెండ్లయితే జాకెట్లు ఎవరు కుడ్తరని గొడవ పెట్టుకుంది. గోడవతలి నుంచి ఖాలా గొంతు లేచింది. "జాకెట్లు నేను కుట్టిస్త గానీ, దానికి సూది ఇయ్యకు అక్కా, నా సితారాలన్ని చాప కిందనే ఉన్నయ్." మా అమ్మ కూడా నవ్వేసింది. ఇక ఏమనగలదు.

సెలవుల తర్వాత సంగీతం గదికి వెళ్లాను. నేను మారిపోతానని టీచరుకు తెలుసు, అందుకే నన్ను చూసి కొంచెం ఆశ్చర్యపోయారు. సితార్ ఒళ్లో పెట్టుకుని తీగను మీటారు. దా. మళ్లీ మీటారు. రా. పిల్లలంతా నా వంక చూస్తున్నారు, నవ్వడానికి తయారుగా. నేను లేచి దగ్గరికి వెళ్లాను, ఈసారి సితారే పిలిచిందని తెలిసే వెళ్లాను. టీచరు నవ్వకుండా కొంచెం జరిగి, తన పక్కన నాకు చోటిచ్చారు.

బడి సితార్‌కు కప్పిన పాత దుప్పటి గురించి నేను చెబితే, ఖాలా మిగిలిన మఖ్మల్ ముక్కలతో ఒక గలేబు కుట్టి ఇచ్చింది. దాని మూల మీద ఒకే ఒక్క సితారా. బడి వదిలేటప్పుడు సితార్ బడికి, గలేబు నాకు అని టీచరు పంచారు. ఆ తర్వాత నేను కచేరీలేమీ చెయ్యలేదు. ఒక ఆఫీసులో టైపిస్టుగా చేశాను. మొదటి జీతాలు కూడబెట్టి ఒక పాత సితార్ కొన్నాను, గలేబు సరిగ్గా సరిపోయింది. ఇప్పటికీ సాయంత్రాలు వాయించుకుంటాను. పక్కవాళ్లు తలుపులు వేసుకోరు, నాకు అది చాలు. బతుకులో ఏదైనా తెగ కావాలనిపించినప్పుడల్లా, ఒక ఇల్లు గానీ, ఒక చీర గానీ, ఒక స్నేహం గానీ, ముందు కళ్లు మూసుకుని ఒక్క నిమిషం కూర్చుంటాను. అందులో నన్ను పట్టి లాగుతున్నదేమిటో అప్పుడు తెలుస్తుంది. చాలాసార్లు నేననుకున్నది కాదని కూడా తెలుస్తుంది. అది ఖాలా పెట్టిన అలవాటు, ఆమె పోయి చాలా ఏళ్లయినా పోలేదు.

అనుకున్నట్టే సాయంత్రం మనవరాలు మళ్లీ ఫోన్ చేసింది. కళ్లు మూసుకొమ్మన్నాను. పెయింటింగ్ గదిలో కూర్చున్నట్టు అనుకుని, ఏం గుర్తొస్తుందో చెప్పమన్నాను. చాలాసేపు ఆలోచించి, "నా దోస్తు టిఫిన్ డబ్బా అమ్మమ్మా" అంది. మరి డాన్స్ గదిలోనో అంటే, "నా కాళ్లు" అంది. అని తనే ఆగిపోయింది. నేనూ ఏమీ అనలేదు, ఖాలా కూడా అనలేదు కదా.

కొంచెం సేపటికి గొంతు మార్చి అడిగింది, "నువ్వు నా అంత ఉన్నప్పుడు ఏం తీసుకున్నవ్ అమ్మమ్మా? సితారా?"

గలేబు మూల మీద వేలు పెట్టి చూసుకున్నాను. ఆ బిళ్ల అక్కడే ఉంది. ఔను బిడ్డా, అదే అన్నాను.