గుట్ట దారికి నేను కట్టిన అడ్డకట్టెలు

ఆ ఎండాకాలం మా గుట్ట తగలబడినప్పుడు అడవితోపాటు నా పరువు, నా సంసారం, నా భార్య ఎర్ర చీర అన్నీ కలిసి మంటలో పడ్డాయి. నిప్పంటించింది నేను కాదు, ముందే చెప్తున్నాను. నేను చేసింది అంతకంటే ఘనకార్యం. చదివి నవ్వాలనిపిస్తే నవ్వండి, మొహమాటం వద్దు. నన్ను చూసి నవ్వేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు కాబట్టి నాకు అలవాటే.

అవి డెబ్బైల మొదటి ఏళ్లు. గోదావరిఖనిలో బొగ్గు బావిలో టింబర్‌మన్‌గా చేసేవాడిని, అంటే భూమి కింద పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. అసలు టింబర్‌మన్ అంటే మా మామ నర్సయ్య. వయసంతా బావిలోనే గడిపి, ఊపిరి పాడై, పని మాని గుట్ట అవతల తన ఊళ్లో ఉంటున్నాడు. నాకు పని నేర్పిందీ ఆయనే, పిల్లనిచ్చిందీ ఆయనే. రెండింట్లోనూ నర్సయ్య తొందరపడ్డాడని బావిలో మా మీద అజమాయిషీ చేసే సర్దార్ అంటుండేవాడు.

మామ నేర్పిన మొదటి పాఠం అడ్డకట్టెలు. బావిలో గాలి చెడిన చోట, పైకప్పు వదులైన చోట దారికి అడ్డంగా రెండు కట్టెలు ఏటవాలుగా ఒకదాని మీదొకటి వేసి కట్టి, ఎర్రగుడ్డ వేలాడదీస్తారు. వాటిని ఎవరూ దాటకూడదు, సర్దారైనా సరే. కట్టినవాడే వచ్చి విప్పాలి. విప్పాక వాడే ముందు నడిచి, దారి బాగుందని కేకేస్తేనే మిగతావాళ్లు కదలాలి. మామ జతగాడొకడు ఒకసారి తొందరలో అడ్డకట్టెలు దాటి వెళ్లి తిరిగి రాలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు మామ గొంతు పెంచేవాడు కాదు. అందుకే మాకు ఇంకా భయం వేసేది.

ఇక మంట సంగతి. ఇప్పపువ్వు రాలే కాలంలో పువ్వు ఏరుకోవడానికి వీలుగా చెట్ల కింద ఎండాకులు కాలుస్తారు. ఎవరో కాల్చిన నిప్పు గాలికి లేచి గుట్టెక్కింది. చీకటి పడితే మా క్వార్టర్ల నుంచి చూస్తే గుట్ట చుట్టూ ఎర్రటి గీత కనిపించేది. పగలు పొగ తప్ప ఏమీ ఉండేది కాదు. ఊరంతా దగ్గుతోంది.

నా భార్య కనకవ్వ అంతకుముందే పుట్టింటికి పోయింది. మామకు దమ్ము, అదే ఆయాసం, ఎక్కువైందని కబురొచ్చింది. పోయేముందు ఒకటే మాట చెప్పింది.

"మా నాయినకు మరీ కష్టమైతె మంచం మీద ఏసుకోని గుట్ట దారిల మన దవాఖానకు తీస్కస్త."

"తీస్కరా, నేనున్న గద," అన్నాను.

ఆ ఊరికి బండిబాట ఉంది కానీ అది చుట్టూ తిరిగి వస్తుంది, పొద్దంతా పడుతుంది. గుట్ట దాటితే మధ్యాహ్నానికి దవాఖానలో ఉండొచ్చు. ఈ లెక్కనూ, నేనున్న గద అన్న నా మాటనూ మీరు కాస్త గుర్తుపెట్టుకోండి. నేనైతే మర్చిపోయాను.

గుట్ట మీది కాలిబాటలన్నీ పైన రెండు బండల నడుమ ఒక సందులో కలుస్తాయి. అడవి కాపలా చూసే జంగ్లాత్ గార్డు ఒకరోజు మా చాయ్ హోటల్‌కు వచ్చాడు. దారులు బంద్ చేయాలి, తను ఒక్కడే ఉన్నాడు, ఎవరైనా చెయ్యేస్తారా అని అడిగాడు. అందరూ ఎవరి గ్లాసులోకి వాళ్లు చూసుకున్నారు. నేను లేచి నిలబడ్డాను. దారి ఎట్ల మూయాలో బాయోళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఎర్రగుడ్డ కావాల్సి వస్తే ఇంటికెళ్లి ట్రంకుపెట్టె తెరిచాను. పైనే కనకవ్వ ఎర్ర చీర ఉంది. అంచు దగ్గర ఎలాగూ చిన్న చిరుగు ఉందని నాకు నేనే చెప్పుకుని కొంగు బర్రున చింపాను. ఆ చప్పుడు విన్నాకైనా బుద్ధి రావాల్సింది, రాలేదు.

ఆ సందులో రెండు బండలకూ ఆనించి గుంజలు పాతి, అడ్డకట్టెలు కట్టి, కొంగు వేలాడదీశాను. మామ నేర్పిన ముడే వేశాను. దూరం జరిగి చూసుకుంటే కళ్లు చెమర్చాయి. కొంత పొగ వల్ల, ఎక్కువ భాగం గర్వం వల్ల.

మర్నాటి నుంచి నా హోదా మారిపోయింది. కట్టెలకు పోయేవాళ్లు, అవతలి ఊళ్లలో చుట్టాలున్నవాళ్లు వచ్చి, రాజేశం అన్నా, దారి ఎప్పుడు తీస్తవ్ అని అడిగేవాళ్లు. సూద్దాం అనేవాడిని. పెళ్లయినప్పటి నుంచి నేను చూద్దాం అంటే ఆగినవాళ్లు లేరు. మొదటిసారి ఒక గుట్టంత జనం ఆగారు. మీరే చెప్పండి, ఆ రుచి తెలిశాక ఎవడు వదులుకుంటాడు?

తర్వాత ఒక సాయంత్రం అకాల వాన పడి మంట చల్లారింది. గార్డు వచ్చి చెప్పాడు.

"రాజేశం, అగ్గి సల్లారింది. నీ కట్టెలు తీసెయ్యి."

రేపు తీస్తానన్నాను. ఆ రేపు డ్యూటీ అయ్యాక ఒళ్లు నొప్పులన్నాను. ఆ మర్నాడు సాకు కూడా వెతుక్కోలేదు. కట్టెలు ఉన్నన్నాళ్లే కదా నేను గుట్ట మూసినవాడిని.

అలాగే ఒక మధ్యాహ్నం, ఫస్టు షిఫ్టు దిగి చాయ్ హోటల్లో నలుగురి మధ్య కూర్చున్నాను. మాట మీద మాట వచ్చింది. నేను గ్లాసు బల్ల మీద పెట్టి గట్టిగానే అన్నాను.

"నేను గట్టిన కట్టెలు దాటే మొగోడు ఇంకా పుట్టలే."

"నిజమే," అంది వెనక నుంచి ఒక గొంతు. "మొగోడెవ్వడు దాటలే. నేను దాటిన. మా నాయిన దాటుతలేడు. పొద్దటిసంది గుట్ట మీద మంచంల పండుకున్నడు."

కనకవ్వ. మోకాళ్ల దాకా బూడిద, ముఖమంతా మసి. ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. హోటల్లో ఒక్కడు కూడా నా వైపు చూడలేదు, అందరికీ మళ్లీ గ్లాసుల్లో ఏదో కనిపించింది.

గుట్ట ఎక్కుతూ ఆమె చెప్పింది కొంచెమే. మంట ఆరినా, అన్నాళ్లు పీల్చిన పొగకు మామకు ఆ రాత్రంతా ఊపిరాడలేదు. తెల్లవారగానే తన పెదనాన్న కొడుకులిద్దరూ మంచం మోసుకుంటూ బయల్దేరారు. సందు దగ్గర అడ్డకట్టెలు చూసి మామ ఆపమన్నాడు. మంట ఆరిపోయింది కాకా, పక్కకు నూకుదామని వాళ్లు బతిమాలారు. చెయ్యేస్తే మంచం దిగి ఇంటికి నడిచి పోతానన్నాడు. కట్టినవాడు రావాల్సిందే. కట్టింది ఎవరో తెలిస్తే కదా పిలవడానికి. అప్పుడు కనకవ్వకు గాలికి ఊగుతున్న తన చీర కొంగు కనిపించిందట.

"తండ్రి మాట కాదని దాటిన. నీ మూలంగ," అంది.

దారికి రెండు వైపులా చెట్లు నల్లగా నిలబడి ఉన్నాయి. ఒక్క పిట్ట కూత లేదు. పైకి పోయేసరికి మామ ఉంటాడో ఉండడో. దేవుళ్లందరికీ పేరుపేరునా మొక్కాను, మొక్కులు తీర్చాలంటే ఇప్పటికీ నా పింఛన్ చాలదు.

మామ ఉన్నాడు. మంచం మీద ఒక పక్కకు ఒరిగి, అడ్డకట్టెల వైపే చూస్తున్నాడు. ఛాతీ కొలిమితిత్తిలా ఎగిసిపడుతోంది.

"ఎవ్వలు గట్టిండ్రు?" అన్నాడు.

"నేనే మామా."

"ముడి మంచిగేసినవ్."

ఏం చెప్పమంటారు, ఆ పరిస్థితిలో కూడా నా ఛాతీ ఒక అంగుళం ఉబ్బింది. మరుక్షణమే దిగిపోయింది, ఎందుకంటే ముడి ఊడలేదు. వానకు తడిసి ఎండకు బిగిసిన తాడు ఇనుపకడ్డీలా ఉంది. గోళ్లు విరిగాయి. పళ్లు పెట్టాను. కత్తి తేలేదు. మంచం మీద నుంచి మామ ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి తీసుకుంటూ నాకు విప్పడం నేర్పుతున్నాడు. కిందికెల్లి, అంటాడు. దగ్గుతాడు. అటు గాదు, అంటాడు. మళ్లీ దగ్గుతాడు. నాకు ఏడుపొచ్చింది. చివరికి బావమరుదులిద్దరూ నేనూ కలిసి గుంజల్నే ఊపి ఊపి పీకేశాం. ముడి అలాగే ఉంది.

మంచం ఎత్తబోతుంటే మామ చెయ్యి అడ్డం పెట్టాడు. నా వైపు చూశాడు. నాకు అర్థమైంది. ఒక్కడినే సందు దాటి, బూడిదలో కొంతదూరం నడిచి, అటూ ఇటూ చూసి వెనక్కి కేకేశాను.

"దారి సాఫ్ ఉన్నది మామా."

అప్పుడు కదిలింది మంచం.

దవాఖానలో ఊపిరికి గొట్టం పెట్టారు. మామ ఆ గండం గడిచి ఇంటికి పోయాడు, వానాకాలం దాకా బతికాడు. ఆయన ఊపిరితిత్తుల నిండా ఎన్నో ఏళ్ల బొగ్గు దుమ్ము ఉంది, ఆ ఒక్కపూట ఆలస్యం వల్ల పోయిందేమీ లేదని డాక్టరు నాతో చెప్పాడు. కనకవ్వ మాత్రం ఆ మాట ఎన్నడూ అనలేదు. నాతో మాట్లాడటమే అవసరం మేరకు. అన్నం ఉన్నది, నీళ్లున్నయ్, అంతే. కొంగు లేని ఎర్ర చీర మడతపెట్టి ట్రంకుపెట్టెలో పైనే ఉంచింది, నేను చొక్కా తీసుకున్నప్పుడల్లా కనపడేలా.

మామ పోయిన రోజు ముసురు పట్టి ఉంది. పాడె మోస్తున్నవాళ్లలో నేనూ ఉన్నాను. శ్మశానానికి పొలాల మధ్య నుంచి పోవాలి. ఒక మలుపు తిరిగేసరికి పాడె ఆగిపోయింది. పశువులు చేనులో పడకుండా ఎవరో దారికి అడ్డంగా రెండు వెదురు కర్రలు ఏటవాలుగా కట్టి ఉంచారు. డప్పు ఆగింది. జనమంతా నెమ్మదిగా నా వైపు తిరిగారు.

"బావా," అన్నాడు పెద్ద బావమరిది, భుజం మీద పాడెతోనే. "ఇది గూడ నువ్వే గట్టినవా?"

ఎవరో ముక్కుతో నవ్వి ఆపుకున్నారు. నేను నా భుజం ఇంకొకరికి అప్పగించి పరిగెత్తాను. అదృష్టం, ఈ ముడి చేతకానివాడు వేసింది, ఇట్టే ఊడింది. కర్రలు పక్కన పారేసి, ఎవరూ చెప్పకుండానే ముందుకు నడిచాను. బురదలో కొంతదూరం పోయి, అటూ ఇటూ చూసి, వెనక్కి తిరిగి నోరారా కేకేశాను.

"దారి సాఫ్ ఉన్నది మామా."

అన్నాక గానీ తెలియలేదు ఏమన్నానో. పాడె వెనక నుంచి కనకవ్వ నవ్వింది. గుట్ట మీది నుంచి దిగిన నాటి నుంచి ఆమె నవ్వడం అదే మొదలు. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూనే గొల్లున ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పాడె కదిలింది.

కాబట్టి పాఠక మహాశయులారా, భూమాత సాక్షిగా, అగ్నిహోత్రుడి సాక్షిగా, చిరిగిన ఎర్ర చీర సాక్షిగా ఆ రోజు చేసిన ప్రతిజ్ఞ ఇప్పటికీ పాటిస్తున్నాను. ఈ జన్మలో రెండు కట్టెలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టను. చిక్కుడు పందిరి కనకవ్వే వేసుకుంటుంది. పొయ్యిలో కట్టెలు కూడా నేను పక్కపక్కనే పెడతాను. అవి సరిగా మండవు, ఇల్లంతా పొగ. ఆమె దగ్గుతూ వచ్చి తిట్టి, కట్టెలు సరిచేసి పోతుంది.