అన్నాయ్‌ని బావ చేసిన సినిమా

ఆ సినిమా మాట ఎవరైనా ఎత్తితే ఇప్పటికీ నేను అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోతాను. అరవై భాగాల చైనా కత్తియుద్ధాల సీరియల్‌ని రెండున్నర గంటలకి కుదించిన ఆ పాపంలో నా చెయ్యి కూడా ఉంది.

గుంటూరు మిర్చి యార్డుకి దగ్గర్లో ఉన్న ఒక డబ్బింగ్ స్టూడియోకి తెలుగు మాటలు రాసే పని నాది. ఆ సీరియల్ నిండా గాల్లో ఎగిరే యోధులు, కొండ మీద గురువు, ఆయన దగ్గర విద్య నేర్చుకునే ఒక అమ్మాయి. ఆ అమ్మాయికి గొంతు ఇచ్చింది ప్రత్తిపాడు వైపు నుంచి బస్సులో వచ్చే ఒక టీచరమ్మ. ఆదివారాలు వాళ్ళ చర్చిలో వాక్యం చదివేది. ఒక భాగంలో అమ్మాయి శత్రువు వంశాన్ని శపించాలి. ఆవిడ ససేమిరా అంది.

"ఈ నోటితోనే వాక్యం చదువుతానండీ. నేను అనకూడదనుకున్న మాట ఎవరికోసమూ అనను."

విసుక్కుంటూనే శాపాన్ని సవాలుగా మార్చాను.

అసలు చిక్కు వేరే. తనకన్నా ముందు చేరిన శిష్యుణ్ణి ఆ అమ్మాయి గౌరవంగా ఒక పిలుపుతో పిలుస్తుంది. దానికి మనకి సూటి మాట లేదు. మా వీధిలో పెద్దవాణ్ణి ఎలా పిలుస్తామో అలాగే "అన్నాయ్" అని రాసి పారేశాను. ఇరవై భాగాలు టీవీలో వచ్చేశాక మిగతా కథ చేతికందింది. చూస్తే ఆ ఇద్దరికీ పెళ్ళి. తల పట్టుకున్నాను. చివరికి నలభయ్యో భాగంలో, గురువు సమాధి ముందు అమ్మాయి అటు తిరిగి నిలబడే చోట, పెదాలు కనపడవు కాబట్టి రెండు ముక్కలు ఇరికించాను. "ఇవాళ్టి నుంచి నిన్ను అన్నాయ్ అనలేను. ఇంకేమని పిలవాలో నాకు తెలియదు." టీచరమ్మ ఆ రెండు ముక్కలూ ఒక పూటంతా చెప్పింది. నాకు నచ్చాక కూడా తనకి నచ్చలేదని మళ్ళీ చెప్పింది. నా తెలివితక్కువ పని ఆవిడ గొంతులో పడి కథయిపోయింది.

తర్వాత ఓనరు దాన్ని సినిమా చేయమన్నాడు. ఏడుపులు తీసేసి కత్తులు ఉంచమన్నాడు. కోశాం. గురువు ఎందుకు చచ్చాడో తెలియదు. ఒక సీన్లో విషం పెట్టిన ముసలావిడ తర్వాతి సీన్లో అందరికీ అన్నం వడ్డిస్తుంటుంది. నలభయ్యో భాగం మొత్తం ఎగిరిపోయింది. ట్రయల్ వేసిన రోజు, చూడ్డానికి వచ్చిన యార్డు గుమాస్తా పెళ్ళి సీను దగ్గర మొహం చిట్లించాడు.

"అన్నాయ్ అన్నోణ్ణి చేసుకోవడమేంటండీ, ఛీ."

ఓనరు నావైపు చూశాడు. తీసేసిన సమాధి సీను మళ్ళీ పెట్టమని అడగాల్సింది. అడగలేదు. మొదటినుంచీ బావ అని మార్చేస్తే సరిపోతుందని నా నోటితో నేనే అన్నాను. టీచరమ్మని పిలిపిద్దామంటే అక్కర్లేదన్నాడు. ఆవిడ గొంతు కంప్యూటర్లో ఉంది, ఏం చెప్పమంటే అది చెబుతుందట. ఊ అన్నాను. ఆవిడకి ఫోన్ చేసి చెప్పాల్సింది నేను. రేపు, ఎల్లుండి అంటూ సినిమా బయటికొచ్చేదాకా లాగాను. ఇంత పిరికితనం నాలో ఉందని అప్పుడే తెలిసింది.

సినిమా ఫోన్లలోకి వచ్చిన వారానికి ఆవిడ స్టూడియోకి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మాస్టారూ, నేను ఆ మాట ఎప్పుడన్నానండీ?"

కంప్యూటర్ చేత అనిపించామని, బావ అని మార్చమన్న సలహా నాదేనని చెప్పాను. ఆవిడ మైకు ముందున్న కుర్చీలో కూర్చుంది.

"మా అమ్మకి చూపు ఆనదండీ. నా గొంతు వినడానికే సినిమా పెట్టించుకుంది. బావా అన్నప్పుడల్లా భలే చెప్పావే అని మురిసిపోయింది. కన్నతల్లండీ, ఆవిడకే తేడా తెలీలేదు."

మాట మార్చాక మళ్ళీ వేసి చూసిన రోజు నాకూ తెలియలేదు. ఆ సంగతి మాత్రం ఆవిడకి చెప్పలేకపోయాను.