రెండు చేతుల వాచీలు

ధర్మవరంలో మా వీధిలో, కువైట్ నుంచి తిరిగొచ్చిన మామ ఒకాయన ఉండేవాడు. కుడిచేతి వాచీలో ఇక్కడి టైము, ఎడమచేతి వాచీలో రెండున్నర గంటలు వెనకుండే కువైట్ టైము. ఇక్కడ మగ్గాలకు, అక్కడ టీకొట్టుకు చేసిన అప్పులుండేవి. "అప్పిచ్చినోనికి వాని టైములోనే వాయిదా చెప్పాలప్పా, అదీ మర్యాద" అనేవాడు.

ఇల్లు జప్తుకొచ్చేసరికి, ఐపీ పెట్టి దివాలా తీద్దామని నన్ను వెంటబెట్టుకుని అనంతపురంలో వకీలు దగ్గరికి వెళ్లాడు.

"ఈడ ఐపీ పెడితే ఈడి అప్పులకే. కువైట్ అప్పు అట్లనే ఉంటాది" అన్నాడు వకీలు.

మామ కుడిచేతి వాచీ విప్పి ఫీజు కింద బల్లమీద పెట్టాడు.

"అదిచ్చేస్తే ఎట్ల మామా?" అన్నాను.

"ఈడ ఇంక వాయిదాలు చెప్పే పని యాడుండాది? ఇది చాలు" అని ఎడమచేయి చూపించాడు.

ఆ రోజునుంచి కువైట్‌లో మధ్యాహ్నమైతేగానీ మామ అన్నానికి వచ్చేవాడు కాదు. అత్త తిట్లు మాత్రం ఇక్కడి టైముకే మొదలయ్యేవి.